బోర్లించిన ముంతలు

1989 మార్చి 6, సోమవారం

పాస్టర్ క్వార్ల్స్ మధ్యాహ్నం చిలగడదుంప కూరిన తీపి రొట్టె, 'పై', పట్టుకుని వచ్చాడు. ఆయన చేతిలో తినే వస్తువు ఉందంటే నోట్లో అడిగే మాట ఒకటి ఉందన్నమాట. వరండాలో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ముందు నా మోకాలి గురించి అడిగాడు. తర్వాత వాన గురించి. తర్వాత అసలు సంగతి.

"ఆస్బరీ గారూ, శనివారం మన పాత శ్మశానం, ముంతల దిబ్బ, శుభ్రం చేస్తున్నారండీ. హిస్టారికల్ సొసైటీ వాళ్లు. ట్రూలక్ మేడమ్ స్వయంగా వస్తున్నారు. చేతులకు గ్లౌజులు వేసుకుని మరీ!"

"గ్లౌజుల విషయంలో నాకూ అనుమానం లేదు," అన్నాను.

నవ్వాడు. ఆయన అన్నిటికీ నవ్వుతాడు. అట్లాంటా నుంచి వచ్చి నాలుగేళ్లయింది. మన జార్జియా అడవుల్లో ఏం జరిగిందో ఆయనకు తెలిసిందల్లా నల్లవాళ్ల చరిత్ర నెలంటూ ఫిబ్రవరిలో గోడకు అంటించే బొమ్మల ద్వారా తెలిసిందే.

"రోడ్డు వెడల్పు చేస్తున్నారు కదండీ. కౌంటీ ఇంజినీరు వచ్చి పైన గుర్తు ఉన్న సమాధులు చూసుకుంటాడు. వాటి చుట్టూ ఇనుప కంచె వేస్తారు. మిగతా ఖాళీ స్థలం రోడ్డులోకి పోతుంది. ముందే శుభ్రం చేస్తే అన్నీ చక్కగా కనిపిస్తాయి."

"అక్కడ ఖాళీ స్థలం లేదు."

"అదేనండీ. లేదని కనిపించాలి కదా."

ఈ నెలాఖరున ఏదో ఉత్సవం చేస్తారట. టర్పెంటైన్ క్యాంపు రోజుల గురించి నేను రెండు మంచి మాటలు చెప్పాలట.

"రెండు దొరకవు. ఒక్కటే ఉంది. ఆ క్యాంపు మూతపడింది."

మళ్లీ నవ్వాడు. అప్పుడు నేనూ నా మాట చెప్పాను. నేను పోయాక నన్ను ముంతల దిబ్బ మీద మా అమ్మ పక్కనే పెట్టాలి. ఇది ఆయనకు ఎన్నోసారి చెప్పడమో.

"చర్చి కొత్త శ్మశానంలో మీకోసం మంచి చోటు చూశానండీ. వాన నీళ్లు అసలు నిలవవు."

"నేనక్కడ మొక్కజొన్న వేయబోవడం లేదు, పాస్టరు గారూ."

'పై' రొట్టె బాగుంది. ఆయన భార్య చేసింది కాబట్టి.


మార్చి 8

డాక్టరు నా గుండె చాలాసేపు విన్నాడు. "వేసవి గడవనివ్వండి, చూద్దాం" అన్నాడు. ఇంత చదువు చదివిన కుర్రాడికి అబద్ధం ఆడటం నేర్పలేదు కాలేజీలో.

అమ్మ సమాధి పెద్ద పైన్ చెట్టుకు తూర్పున ఉంది. నాకు తెలుసు. ఒకరు చూపించనక్కర్లేదు.


మార్చి 11, శనివారం

వెళ్లలేదు. మోకాలు.

పొద్దున్నే వర్డెల్ ఫోన్ చేసింది. వర్డెల్ మా ఆవిడ చెల్లెలు. మా ఆవిడ పోయిన దగ్గర్నుంచి నన్ను తిట్టే బాధ్యత తనే తీసుకుంది.

"బావా, కారు తెస్తాను, రా. అక్కడ మనవాళ్లు ఒక్కరైనా ఉండొద్దా?"

"పాస్టరున్నాడుగా."

"ఆయనకేం తెలుసు? నిన్నగాక మొన్న వచ్చినోడు."

"వాళ్లు చెత్త ఎత్తడానికి వస్తున్నారు వర్డెల్. జన్మంతా వాళ్ల చెత్త నేను ఎత్తాను. ఇప్పుడు వాళ్ల వంతు. ఎలా ఎత్తాలో పక్కన నిలబడి నేర్పను."

"నీది మోకాలి నొప్పి కాదు బావా, పొగరు నొప్పి. దానికి మందు లేదు." ఠక్కున పెట్టేసింది.

రోజంతా రోమ్ చరిత్ర చదివాను. ముప్పై ఎనిమిదేళ్లు రైళ్లలో స్లీపర్ బోగీ అటెండెంటుగా చేసిన వాణ్ని. ప్రయాణికులు సీట్లలో వదిలేసి పోయిన పుస్తకాలే నా కాలేజీ. వాళ్లు మొదటి యాభై పేజీలు చదివి పారేసేవాళ్లు. తక్కినవి నేను చదివాను. అందుకే ఈ దేశంలో అందరికీ అన్నిటి మొదలూ తెలుసు. చివర ఏమైందో నాబోటి వాళ్లకే తెలుసు.

అన్నేళ్లలో బండిలో నన్ను ఆస్బరీ అనో మోబ్లీ అనో పిలిచిన ప్రయాణికుడు లేడు. ఆ బోగీలు తయారుచేసిన ఆసామి పేరు జార్జి. కాబట్టి వాటిలో పక్కలు పరిచే నల్లవాళ్లందరమూ జార్జిలమే. యజమాని పేరు పనివాడికి తగిలించడం ఇక్కడ పాత అలవాటు. "జార్జీ, బూట్లు!" "జార్జీ, నీళ్లు!" ఒక్కో బండిలో పదిమంది జార్జిలం ఉండేవాళ్లం. ఏ దొరా తికమక పడలేదు.

వాన రాలేదు. వాళ్ల పని సాగే ఉంటుంది.


మార్చి 13, సోమవారం

వర్డెల్ మాట్లాడకుండా కారు తెచ్చి ఇంటి ముందు హారన్ కొడుతూ కూర్చుంది. వెళ్లక తప్పలేదు.

ముంతల దిబ్బ మంగలి షాపులోంచి బయటికి వచ్చినట్టుంది. పొదలు లేవు, తీగలు లేవు. గడ్డి ఒకే ఎత్తున కోశారు. మధ్యలో అరడజను సిమెంటు రాళ్లు, తోమి తెల్లగా చేసినవి. క్యాంపు మూతపడ్డాక చనిపోయినవాళ్లవి అవి. అప్పటికి మనవాళ్లకు సిమెంటు కొనే స్తోమతు వచ్చింది. తక్కినదంతా పచ్చిక. బంతాట ఆడుకోవచ్చు.

ముంతలు లేవు. ఒక్కటి లేదు.

వర్డెల్ కారు తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "బావా, అత్తమ్మ ఎక్కడ?" అంది.

పెద్ద పైన్ చెట్టు కూడా లేదు. శనివారం కొట్టింది కాదు, ఎప్పుడో ఏ గాలివానకో పడిపోయి ఉంటుంది. మొద్దు మాత్రం ఉంది, చీమలు పట్టి. నేను కర్ర ఎత్తి తూర్పువైపు చూపించాను.

"అక్కడ."

"అక్కడంటే ఎక్కడ?"

"అక్కడే వర్డెల్. నా తల్లి ఎక్కడుందో నాకు తెలీదా?"

ఆవిడ కారెక్కింది. దారిలో అంది, "అక్కా నువ్వూ ఒకసారి వచ్చారుగా ఇక్కడికి. నువ్వు కారు దిగలేదని చెప్పింది అక్క."

నేను చాలాసార్లు వచ్చాను. దిగాను.


మార్చి 14

ముంతల గురించి రాసి పెట్టుకోవాలి. లేకపోతే ఎల్లుండి ఆ ట్రూలక్ దొరసాని ముందు కోపంలో సగం మరచిపోతాను.

చెట్టు బెరడు చెక్కి దాని కింద మట్టి ముంత తగిలిస్తే జిగురు కారి అందులో నిండుతుంది. జిగురు కాచి టర్పెంటైన్ తీస్తారు. ఒక్కో మనిషికి వేల చెట్లు. నిండిన ముంత ఒంపి మళ్లీ తగిలించడమే బతుకు. క్యాంపులోకి ఎవరైనా రావచ్చు. పోవడమే కుదరదు. క్యాంపు కొట్లో బాకీ ఉన్నవాడు కదలకూడదు, బాకీ లేనివాడు క్యాంపులో లేడు. గుర్రం మీద తిరిగే మేస్త్రీ ఒకడు, తుపాకీ, కుక్కలు. బానిసత్వం రద్దయిందని పుస్తకాల్లో రాసుకున్న యాభై ఏళ్ల తర్వాతి మాట ఇది. నేను ఆ పుస్తకాలు చివరిదాకా చదివాను. మా క్యాంపు ఏ పేజీలోనూ లేదు.

మా నాన్న ఒక ఆదివారం కుక్కల కంటే వేగంగా పరుగెత్తాడు. మళ్లీ కబురు లేదు. క్యాంపు యజమాని ముసలి ట్రూలక్, అంటే ఇప్పటి దొరసానికి మామగారి తండ్రి, మా అమ్మను పిలిచి, "మొగుడు పోతే పోయాడు, వాడి చెట్లు పోలేదుగా" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. అమ్మ పేరు జిల్ఫా. రెండో చలికాలం దగ్గుతూ దగ్గుతూ చెట్ల మధ్యే పడిపోయింది.

రాళ్లు ఎవరు కొంటారు? క్యాంపులో మనిషి పోతే అతను ఆఖరిసారి ఒంపిన ముంత తెచ్చి తలదగ్గర నేలలో నొక్కేవాళ్లు, నోరు కిందికి పెట్టి. బోర్లించిన ముంత ఇక నిండదు. ఈ మనిషి దగ్గర్నుంచి ఇక ఒక్క చుక్క రాదు, పొమ్మని అర్థం. ఆ ముంత కంపెనీది. ఒక్కటి పగిలినా కూలీలో కోసుకునేవాళ్లు. పాతిపెడితే దొంగతనమే. కాబట్టి ఆ దిబ్బ మీద ప్రతి సమాధీ ముసలి ట్రూలక్ దగ్గర కొట్టేసిన సొమ్ము. దాదాపు డెబ్బై ఏళ్లకు ఆయన వంశం వచ్చి సొమ్ము వసూలు చేసుకుపోయింది.

గ్లౌజులు వేసుకుని.


మార్చి 16, గురువారం

దొరసాని ఇల్లు. వరండాలో తెల్ల స్తంభాలు. పాత రోజుల్లో వెనక తలుపు దగ్గరకు వెళ్లేవాళ్లం. ఈ రోజు ముందు తలుపు తీసి, నిమ్మరసం కలిపిన చల్లటి టీ ఇచ్చింది. ఆవిడ నాకంటే ఇరవై ఏళ్లు చిన్న.

"రండి రండి ఆస్బరీ! ఉత్సవంలో మాట్లాడతారని ఎంత సంతోషించానో!"

నేను ఆవిణ్ని మిసెస్ ట్రూలక్ గారూ అంటాను. ఆవిడ నన్ను ఆస్బరీ అంటుంది. జార్జి కంటే నయం, ఎదుగుతున్నారు.

"మిసెస్ ట్రూలక్ గారూ, దిబ్బ మీది ముంతలేవి?"

"అయ్యో, ఇటు రండి, చూద్దురుగాని!" చెయ్యి పట్టుకుని వెనక వరండాలోకి తీసుకెళ్లింది. పాత పేపర్లు పరిచి వరసగా పెట్టారు. తోమి తోమి ఇటుక రంగు తేలింది. అన్నిటిలో మట్టి నింపి, ఊదారంగు పెటునియా మొక్కలు నాటారు. నోరు పైకి పెట్టి.

"ఎంత మురికో తెలుసా! మా ఆడవాళ్లం కూర్చుని బ్రష్షులతో తోమాం. ఎవరు పారబోసి పోయారో శ్మశానంలో, తాగుబోతు వెధవలు. బుద్ధుండొద్దూ?"

"పారబోస్తే వరసగా పడతాయాండీ?"

"గడ్డి నడుమెత్తున ఉంది. వరసలు ఎవరికి కనిపించాయి?"

చెప్పాను. మొన్న రాసుకున్నది ఉపయోగపడింది, గొంతు పెంచకుండా చెప్పాను. ఆవిడ టీ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలీక రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.

"దేవుడా. ఎవరూ ఒక్క మాట చెప్పలేదే! పాస్టర్ గారు అక్కడే ఉన్నారు. ఆయనే మా వ్యాన్‌లో పెట్టించారు కూడా." తర్వాత నెమ్మదిగా, "మీకు ఫోన్ చేయమన్నాను, ఆస్బరీ. మీరు రాలేదన్నారు. వచ్చి ఉంటే..."

నేను ముంతల వైపు తిరిగి, వీటినేం చేస్తారని అడిగాను.

ఉత్సవంలో ఈ ముంతలు అమ్ముతారట. ఆ డబ్బుతో దిబ్బ మీద ఇత్తడి ఫలకం పెడతారట. ఏం రాయిస్తున్నారని అడిగాను.

"'పైన్ అడవుల్లో పాటలు పాడుతూ శ్రమించిన వారి స్మృతిలో' అని."

"పాటలు సరేనండీ. కుక్కల సంగతి?"

"ఏ కుక్కలు?"

నిజంగానే తెలీదు. ఇదీ నేను భరించలేనిది. అబద్ధం ఆడితే తిట్టవచ్చు.

వచ్చేస్తుంటే ఆవిడ కళ్లు తుడుచుకుని, "మీ అమ్మగారిది ఏదో చూసి తీసుకెళ్లండి, దయచేసి" అంది. వంగి చూశాను. ఒక్కొక్కటీ చూశాను. ఒకే అచ్చులో పోసినవి, ఒకే బ్రష్షుతో తోమినవి.

తీసుకోలేదు.


మార్చి 17

అమ్మ తూర్పునే ఉంది.


మార్చి 19, మట్టల ఆదివారం

చర్చి మెట్ల మీద పాస్టర్‌ను ఆపాను. ఆయన చేతిలో తాటాకు మట్ట ఇంకా ఉంది.

"వ్యాన్‌లో మీరే పెట్టించారట."

"ఆస్బరీ గారూ, నేను..."

"ఏసుక్రీస్తు సమాధి రాయి దొర్లించింది దేవదూత అని చదివాను. వ్యాన్ ఎక్కించాడని ఎక్కడా చదవలేదు."

వర్డెల్ వెనక నుంచి నా కోటు లాగింది. పాస్టర్ చుట్టూ జనం ఆగారు.

"మా ఊళ్లో సమాధికి రాయి ఉంటుందండీ," అన్నాడు. "ముంతలు పెడతారని నాకు తెలీదు. వాళ్లు చెత్త అన్నారు. నేనూ చెత్తే అనుకున్నాను."

"మీ ఊళ్లో చచ్చిపోయినవాళ్లకు జీతం వచ్చేది. రాయి కొన్నారు."

ఆయన నవ్వలేదు. నాలుగేళ్లలో ఇదే మొదటిసారి. ఇంజినీరు ఇరవై ఎనిమిదిన వస్తున్నాడనీ, ఆపడానికి ఫోన్ చేశాననీ, గుర్తు లేనిచోట సమాధి ఉన్నట్టు లెక్కలోకి రాదని ఆఫీసులో తెగేసి చెప్పారనీ అన్నాడు. అంటే అరడజను రాళ్ల చుట్టూ కంచె. అమ్మ మీద తారు. దాని మీద లారీలు.

నాకోసం నీళ్లు నిలవని చోటు.


మార్చి 22

మళ్లీ నింపారు. ఇక నిండకూడని ముంతల్ని నోరు పైకి పెట్టి మళ్లీ నింపారు.


మార్చి 25, శనివారం

ఉత్సవం కోర్టు ముందు పచ్చికలో. వేయించిన చేపలు, బ్యాండు మేళం, పిల్లల మొహాలకు రంగులు. ముంతల బల్ల చెట్టు నీడలో పెట్టారు. నేను ఇంటి నుంచి మడతకుర్చీ తీసుకెళ్లి ఆ బల్ల పక్కనే వేసుకుని కూర్చున్నాను. పాత యూనిఫారం కోటు వేసుకున్నాను. మా ఆవిడ దాన్ని పారేయమనేది.

మొదట వచ్చింది భార్యాభర్తలు. ఆవిడ ఒక ముంత ఎత్తి, "ఎంత ముద్దుగా ఉందో చూడండి" అంది.

"బాగుందమ్మా," అన్నాను. "ఎవరి తలదగ్గరదో అడిగారా?"

"ఏంటండీ?"

"అది సమాధి రాయి. వాళ్లు రాయి కొనుక్కోలేక అది పెట్టారు. పువ్వు కొత్తగా నాటారు."

ఆవిడ వేడి పెనం ముట్టుకున్నట్టు బల్ల మీద పెట్టేసింది. తర్వాత ఇంకొకరు. ఆ తర్వాత ఇంకొకరు. గొంతు పెంచలేదు. రైల్లో దుప్పటి కావాలా అని అడిగే గొంతుతోనే అందరికీ చెప్పాను. ఆ గొంతు వాళ్లకు బాగా వినబడుతుంది.

ఎర్ర టోపీ ఆసామి ఒకడు మాత్రం మొరాయించాడు. "డబ్బిచ్చి కొన్నాను ముసలాయనా. ఎప్పుడో మా తాతల నాటి గొడవ ఇప్పుడు నా నెత్తిన పెడతావేం?"

"మీ అమ్మగారు ఉన్నారా?"

"పోయింది. బాప్టిస్టు చర్చి వెనక ఉంది."

"ఆ రాయి తెచ్చి మా వరండాలో పెట్టుకుని దాని మీద కాఫీ కప్పు పెట్టుకుంటాను. డబ్బిస్తాను లెండి."

మొహం టోపీ రంగుకు వచ్చింది. వాళ్లావిడ మోచేత్తో పొడిచింది. అయినా ముంత చంకలో పెట్టుకునే పోయాడు.

మైకులో నన్ను మాట్లాడమని పిలిచారు. నేను వినబడనట్టు కూర్చున్నాను. ట్రూలక్ దొరసాని వచ్చింది. అందరూ చూస్తుండగా బల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కో మొక్క పెరికి, ముంతల్లో మట్టి గడ్డి మీద కుమ్మరించడం మొదలుపెట్టింది. గోళ్ల నిండా మట్టి. గ్లౌజులు లేవు. చూశానని రాస్తున్నాను, మెచ్చుకున్నానని కాదు.

మిగిలిన ముంతలన్నీ వర్డెల్ కారు డిక్కీలో పెట్టాం. ఇంటికొచ్చాక వర్డెల్ అడిగింది.

"వెనక్కి తెచ్చాం సరే బావా. ఏది ఎక్కడిది?"

కొన్ని ప్రశ్నలు అడగకుండా ఉంటే బాగుంటుంది. మా మరదలికి ఆ అలవాటు లేదు.


మార్చి 26, ఈస్టర్

పాస్టర్ ప్రసంగంలో క్రీస్తు సమాధి ఖాళీగా ఉందని బల్ల గుద్ది అరిచాడు. మనకంటే ముందు దొరసాని వ్యాన్ వెళ్లిందేమో అనుకున్నాను. ప్రసంగం చివర మాత్రం ఆయన దిగి వచ్చి, తప్పు జరిగిందనీ, తనదేననీ చెప్పి, భోజనాలయ్యాక అందరూ దిబ్బ దగ్గరికి రమ్మన్నాడు. ఇంట్లో పాత ముంత ఉంటే తీసుకురమ్మన్నాడు.

ఇంట్లో పాత ముంత లేనిది ఎవరికి? ఈ చుట్టుపక్కల అడవిలో ఎక్కడ తవ్వినా తగులుతాయి. మేకులు పోసుకున్నవి, కోళ్లకు నీళ్లు పోసినవి, తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టినవి. ఈస్టర్ టోపీల్లో ఆడవాళ్లు, కొత్త సూట్లలో మగవాళ్లు, ఒక్కొక్కరి చేతిలో ఒక మురికి ముంత. దిబ్బ దగ్గర దింపేసరికి సొసైటీ వాళ్లు ఎత్తుకుపోయిన వాటికంటే ఎక్కువే తేలాయి. చాలా ఎక్కువ.

అందరూ నావైపు చూశారు. అప్పుడు నాకు అర్థమైంది వాళ్లు ఏం చేద్దామనుకుంటున్నారో. జీవితమంతా అచ్చులో అబద్ధాలు పట్టుకున్న మనిషిని నేను. మార్జిన్లలో పెన్సిలుతో తప్పులు దిద్దిన మనిషిని.

"పెద్దాయనా, ఎక్కడెక్కడో చెప్పండి," అన్నాడు పాస్టర్. కొత్త సూటుతో అప్పటికే మోకాళ్ల మీద ఉన్నాడు.

కాస్త ఆలోచించాను. ఇక్కడ సమాధులు లేవని చెప్పడానికి వాళ్లు ముంతలు తీశారు. ఉన్నాయని చెప్పడానికి మేం పెడుతున్నాం. తేడా ఒక్కటే. నేల కింద మనుషులున్నారు. ముంత జానెడు అటో ఇటో జరిగి ఉండవచ్చు. దిబ్బ ఈ చివరి నుంచి ఆ చివరి వరకు ఏ పారకు ఎవరు తగులుతారో ట్రూలక్ వంశానికి తెలీదు, కౌంటీకి తెలీదు.

కర్ర ఎత్తాను. "ఆ మూల నుంచి మొదలుపెట్టండి. తలలు పడమటికి. నోరు కిందికి. గట్టిగా నొక్కండి."

దిబ్బంతా వరసలు తేలాయి, రోడ్డు అంచు దాకా. మధ్యలో ఒక కారు వచ్చి ఆగింది. దిగలేదెవరూ. కిటికీలోంచి ఒక ఆడమనిషి చెయ్యి వచ్చి ముంతను గడ్డి మీద పెట్టింది, పువ్వుతో సహా. పక్క సీట్లో ఎర్ర టోపీ. కారు పోయింది. వర్డెల్ వెళ్లి పువ్వు పీకి, ముంత బోర్లించి నా దగ్గరికి తెచ్చింది.

"ఇది అత్తమ్మకు పెడదాం. చెప్పు ఎక్కడో."

నేను మొద్దు చుట్టూ తిరిగాను. ఒకటికి రెండుసార్లు. చివరకు ఒకచోట కర్ర ఆనించాను.

"మొన్న తూర్పు అన్నావు బావా. ఇది పడమర."

"చెట్టు జరిగింది."

వర్డెల్ నా మొహం చూసింది. వంగి, అక్కడే నొక్కింది. దాని పక్కన ఇంకొకటి పెట్టమన్నాను. ఎవరిదని అడగలేదు.


మార్చి 28, మంగళవారం

ఇంజినీరు ప్రూయిట్ అనే కుర్రాడు. చెంపల మీద ఇంకా మొటిమలున్నాయి. కారు దిగి దిబ్బ చూసి టోపీ తీసి తల గోక్కున్నాడు. నేనూ, వర్డెల్, పాస్టర్ ఒకపక్క. ట్రూలక్ దొరసాని ఇంకోపక్క.

"ఇవన్నీ సమాధులేనా అండీ? అరడజను అని చెప్పారు నాకు."

"గుర్తున్న సమాధులు," అన్నాను. "మీ ఆఫీసు అన్న మాట అదేగా."

అతను దొరసాని వైపు తిరిగాడు. "మేడమ్, మీరు శుభ్రం చేసింది ఈ నెల్లోనే కదా. అప్పుడు ఈ ముంతలు ఇలాగే ఉన్నాయా?"

తను ఎన్ని తోమిందో ఆవిడకు తెలుసు. రోడ్డు అంచు దాకా ఒకసారి చూసింది. నన్ను చూడలేదు.

"ఇలాగే ఉన్నాయి," అంది. "తీసెయ్యడం మా తప్పు. మిస్టర్ మోబ్లీ గారు దయతో మళ్లీ పెట్టించారు."

ట్రూలక్ వంశం ఈ క్యాంపు గురించి చెప్పిన మొదటి నిజం అబద్ధం తొడుక్కుని వచ్చింది. సరే. నగ్నంగా వస్తుందని నేనెప్పుడూ ఎదురుచూడలేదు.

కుర్రాడు అట్ట మీద కాగితం బిగించాడు. "పేర్లు తెలిస్తే రాసుకోవాలండీ."

"జిల్ఫా మోబ్లీ," అన్నాను మొద్దుకు పడమటి ముంత చూపించి. తర్వాత గుర్తున్నవాళ్లను చెప్పాను. ఐజయా టూక్స్. మీద చెట్టు పడి చనిపోయిన క్లెటస్. ఫిడేలు వాయించే మనిషి, ఇంటిపేరు ఎవరికీ తెలీదు. అక్కడితో నాకు తెలిసినవాళ్లు అయిపోయారు. ముంతలు అయిపోలేదు.

"ఇదండీ?"

"జార్జి."

రాసుకున్నాడు. "ఇది?"

"జార్జి."

"దీని పక్కది?"

"అదీ జార్జే."

వర్డెల్‌కు దగ్గు పట్టుకుంది. పాస్టర్ బూట్ల వైపు చూస్తున్నాడు. వరస చివరికి వచ్చేసరికి కుర్రాడు కలం ఆపాడు.

"ఇంతమంది జార్జిలేంటి పెద్దాయనా?"

"ముప్పై ఎనిమిదేళ్లు మీ తాతలు మమ్మల్నందర్నీ ఆ పేరుతోనే పిలిచారు బాబూ. ఒక్కడూ అనుమానపడలేదు. నీకెందుకు? రాయి."

రాశాడు. వరస తర్వాత వరస. చివరకు తిరిగి మొద్దు దగ్గరికి వచ్చాం. అమ్మ ముంత పక్కది మిగిలింది.

"ఇది కూడా జార్జేనా అండీ?"

"కాదు. ఆస్బరీ మోబ్లీ."

సగం రాసి తలెత్తాడు. "అది మీ పేరు కదండీ?"

"అవును. స్పష్టంగా రాయి."


ఏప్రిల్ 14

రోడ్డు అవతలి పక్కకు జరుపుతున్నారట. కంచె దిబ్బ మొత్తం చుట్టూ వేస్తారట. పాస్టర్ చెప్పి వెళ్లాడు. 'పై' రొట్టె తేలేదు, ఏమీ అడగలేదు.

తూర్పునో పడమరో. ఎక్కడున్నా అమ్మ ఇక లోపలే ఉంది.